నానమ్మ నగల మీద పాములు, పక్షులు, మకరాలు: ఏ కాలానివో ఎలా గుర్తుపట్టాలి?

మీరు అడిగింది నాలుగు వస్తువుల గురించి: జడనాగరం (జడ పొడవునా పెట్టుకునే పాముపడగ నగ), రెండు తలల పక్షి ఉన్న కెంపుల పతకం, మొసలి మొహాల కడియాల జత, బంగారు కట్టు వేసిన పులిగోరు. బొమ్మలు చూసి వయసు చెప్పమన్నారు. బొమ్మను బట్టి వయసు చెప్పడం కుదరదండి. హంసనీ నెమలినీ ఈ వారం కూడా ఎవరో ఒక కంసాలి పాత నమూనా చూసి చెక్కుతూనే ఉంటాడు. బొమ్మ మహా అయితే ప్రాంతం చెబుతుంది, వాడకం చెబుతుంది. కాలం తెలియాలంటే నగను బోర్లా తిప్పి చూడాలి.

ముందు బొమ్మల పేర్లు సరిచూసుకోండి, కొట్లలో చాలా తారుమారు చేస్తారు. మెడ పొడుగ్గా, ముక్కు బల్లపరుపుగా బాతు ముక్కులా, తోక ఆకుల తీగలా చుట్టుకుపోతే హంస. తమిళంలో హంసను అన్నం అంటారు కాబట్టి ‘అన్నపక్షి’ అన్నా ఇదే. తల మీద కుచ్చు, పురిలో కళ్ళు ఉంటే నెమలి. మెడ పొట్టిగా, ముక్కు కొక్కెంలా వంగితే చిలక. రెండు తలలు, ఒకే ఒళ్ళు ఉన్నది గండభేరుండం. విజయనగర రాజు అచ్యుతదేవరాయల బంగారు నాణేల మీద ఈ పక్షి ముక్కులతో, గోళ్ళతో ఏనుగులను పట్టుకుని ఉంటుంది. తర్వాత మైసూరు రాజచిహ్నమైంది. అంతమాత్రాన పతకం మీద కనిపిస్తే మైసూరు సంస్థానం నగ అయిపోదు, దక్షిణాదంతా దాన్ని చేయించుకున్నారు.

మీరు ‘మొసలి’ అన్నది మకరం అయి ఉండాలి. నోరు తెరిచి, పళ్ళ వరుస కనిపిస్తూ, పై మూతి తొండంలా పైకి చుట్టుకుంటే మకరం. జూలు ఉంగరాలు తిరిగి, కళ్ళు గుండ్రంగా ఉబ్బి ఉంటే సింహం. కడియం లోపలి వైపు రంగురంగుల మీనా (ఎనామెల్) పని ఉంటే జైపూర్, బనారస్ వైపు చేతి పనో, ఆ బాణీ నేర్చిన హైదరాబాద్ పనో అయ్యే అవకాశం ఎక్కువ. లోపల ఉత్త బంగారు రేకు, పైన కెంపులే ఉంటే దక్షిణాది పని.

ఇప్పుడు వెనకవైపు. దీనికి 10 రెట్లు పెంచి చూపే భూతద్దం, పక్క నుంచి పడే వెలుతురు చాలు. పాత నకిషీ పనిలో బంగారు రేకును లక్క మీద పరిచి చిన్న ఉలులతో కొడతారు. అందుకే వెనక రేకు తెరిచి ఉన్నచోట ముందు ఉబ్బిన బొమ్మ గుంటగా కనిపిస్తుంది. జతలో రెండు మకరాలూ అచ్చుగుద్దినట్టు ఉండవు, ఒకదాని కన్ను కాస్త పెద్దదవుతుంది, ఒకదాని పన్ను వంకర పోతుంది. పోత పోసిన నగలో లోపల సన్నటి గాలి గుంటలు ఉంటాయి, రెండు మొహాల మీదా ఒకే గీత ఒకే చోట పడి ఉంటుంది. మరలు విప్పి చూడండి. చేత్తో కోసిన మర చుట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఒక కడియం మర రెండోదానికి పట్టదు.

అరుగుదల కూడా చూడాలి. నిజంగా తరాల పాటు తొడిగిన నగలో ముక్కు కొన, పడగ అంచు, కనుబొమ లాంటి ఎత్తు జాగాలు నునుపు తేలతాయి, మురికి గుంటల్లోనే నిలుస్తుంది. ‘యాంటిక్ ఫినిష్’ అని అమ్మే కొత్త నగల్లో నలుపు అన్ని గుంటల్లోనూ ఒకే మోతాదులో ఉంటుంది, ఒంటికి రుద్దుకునే చోట కూడా.

రాళ్ళ దగ్గర ఒక గట్టి తేదీ దొరుకుతుంది. కృత్రిమ కెంపులను మంటలో కరిగించి పెంచే పద్ధతిని ఫ్రాన్స్‌లో వెర్నై 1902లో బయటపెట్టాడు. భూతద్దం కింద కెంపులో గ్రామఫోన్ రికార్డు గాళ్ళలా వంపు తిరిగిన గీతలు, గుండ్రటి బుడగలు కనిపిస్తే ఆ రాయి అంతకంటే బాగా పాతది కాదు. గీతలు తిన్నగా ఉండి, లోపల సూదుల్లాంటివి ఉంటే భూమిలో పుట్టినది. బుడగలు నిండా ఉండి, అంచులు అరిగి గుండ్రబడితే గాజు. అయితే రాయి కొత్తదైనా కట్టు పాతది కావచ్చు, ఊడిన రాయి మార్పించడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. అందుకే పది రాళ్ళయినా చూడండి. ఎక్కువ రాళ్ళు ఏం చెబితే అదే లెక్క. హంస ముక్కున వేలాడే ముత్యాలను అసలే నమ్మవద్దు, వాటిని ఎన్నోసార్లు గుచ్చి ఉంటారు.

పాత కట్టులో రాయి కింద మూసి ఉంటుంది, లోపల మెరిసే రేకు పెట్టి, చుట్టూ మేలిమి బంగారంతో కుందనం నొక్కుతారు. రాయి రంగులో సగం ఆ రేకుదే. ఇక్కడే ఇళ్ళల్లో పెద్ద తప్పు జరుగుతుంది: పండగ ముందు నగలను కుంకుడు రసంలో నానబెడతారు. నీరు లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది, కెంపు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. మళ్ళీ రేకు మార్పించాలంటే కుందనం అంతా విప్పాల్సిందే. వేడినీళ్ళయితే లక్క మెత్తబడి బొమ్మ సొట్టలు పోతుంది. కొట్లో అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయనివ్వకండి. పొడి మెత్తని బ్రష్షు, అంతే.

బంగారమా కాదా అన్నది తర్వాతి మాట. నాట్యానికి వాడే జడనాగరాలు, రాగిడీలు (తల వెనక పెట్టుకునే గుండ్రటి బిళ్ళలు) చాలావరకు వెండి మీద బంగారు పూతే, చూపుకు తేడా తెలియదు. లోహంలో ఏముందో చెప్పే ఎక్స్‌రే యంత్రం పై పొరనే చదువుతుంది కాబట్టి మందపాటి పూత ఉంటే అదీ బోల్తా పడుతుంది. కనీసం మూడు చోట్ల చదివించండి: అరిగిన ఎత్తు జాగా, కొక్కెం, అతుకు. అరిగిన చోట వెండి పెరిగితే పూత. పూతలో పాదరసం జాడ వస్తే పాతకాలంలో పాదరసంతో కాచి వేసిన పూత. అతుకులో కాడ్మియం వస్తే ఆ అతుకు ఈ మధ్యది, నగ మొత్తం ఈ మధ్యదని కాదు. గీటురాయి మీద గీయాల్సి వస్తే కొక్కెం దగ్గరే గీయమనండి.

నీళ్ళలో తూచి సాంద్రత చూసే చిట్కా లక్క లేని, రాళ్ళు లేని గట్టి కడియానికే పనికొస్తుంది. 22 క్యారెట్లకు అటూ ఇటుగా 17.5 రావాలి. లోపల లక్క ఉంటే బంగారానికీ 10, 11 వస్తుంది, చూసి ఇత్తడి అనుకుంటారు. మార్కుల విషయానికొస్తే, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) హాల్‌మార్క్ బంగారానికి వచ్చింది 2000లో. ఆ ముద్ర ఉంటే నానమ్మ పెళ్ళినాటి నగ కాకపోవచ్చు, లేదా తర్వాత కరిగించి చేయించిందో, పాత నగకే తర్వాత ముద్ర వేయించిందో కావచ్చు. ముద్ర లేకపోవడం లోపమేమీ కాదు. ఇంకో సంగతి: 1963 జనవరి నుంచి 1966 దాకా 14 క్యారెట్లకు మించి నగ చేయకూడదన్న నిబంధన ఉండేది. నాసి బంగారం తేలితే వెంటనే కంసాలి మోసం అనుకోకండి.

జడనాగరం ముక్కల్లో ఉంటే వెనక రింగులు లెక్కపెట్టండి. పైన సూర్యుడు, చంద్రవంక, రాగిడి, ఆ కింద పడగ, తర్వాత సన్నబడుతూ వచ్చే జడబిళ్ళలు, చివర కుప్పెలు. ఖాళీ రింగు మిగిలిందంటే ఒక ముక్క పంపకాల్లో ఇంకో ఇంటికి వెళ్ళిందని అర్థం, అత్తయ్యలను అడగండి. ముక్కలు కలిస్తే నగ విలువ బంగారం తూకాన్ని దాటిపోతుంది. అమ్మడానికి కొట్టుకు వెళితే లక్క, రాళ్ళు తీసేసి కరుగు ధర కడతారు, పని విలువ సున్నా.

అమెరికాలో ఉన్న చెల్లెలికి పంపాలన్నారు. నూరేళ్ళు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు. అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి.

పులిగోరు సంగతి వేరు. అసలు గోరు పక్కల నుంచి నొక్కినట్టుంటుంది, మొదట్లో ఎముక కూర్చునే బోలు ఉంటుంది, వంపు వెంట పొరలు కనిపిస్తాయి. కొమ్ముతో చెక్కినదైతే బోలు ఉండదు, పొరలు వంపుతో సంబంధం లేకుండా తిన్నగా పోతాయి. ప్లాస్టిక్ అయితే పక్కన అచ్చు గీత. సూది కాల్చి గుచ్చి చూడకండి. అసలుదైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, ఏనుగు దంతపు గాజులు కూడా అంతే. అమ్మకూడదు, ఎవరికీ కానుకగా ఇవ్వకూడదు, ఫోటో పెట్టి బేరం అడగకూడదు. పెద్దల పేర యాజమాన్య ధ్రువపత్రం ఉంటే, వారసత్వంగా మీకు వచ్చిన 90 రోజుల్లో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి. కాగితం లేకపోతే, బంగారు కట్టు విప్పించడానికి కంసాలి దగ్గరకు వెళ్ళేముందే వకీలును కలవండి.