తాతయ్య షెడ్డుకి కిటికీలు చేసే ముందు

అల్లుడూ,

షెడ్డు కిటికీలు ఆరూ తీసేసి కొత్తవి నువ్వే చేస్తానన్నావని అక్క ఫోన్లో చెప్పింది, చాలా సంతోషమేసింది రా. అల్యూమినియం పెట్టించెయ్, రెండు రోజుల్లో పని అయిపోతుంది అని చెప్పేవాళ్ళు చుట్టూ ఉంటారు. కానీ అవి గానుగ సున్నంతో కట్టిన గోడలు, వాటికి చెక్క కిటికీయే నప్పుతుంది, పైగా ఏ ముక్క పాడైతే ఆ ముక్కే మార్చుకోవచ్చు.

కలప అడితికి వెళ్ళే ముందు ఒక పని చెయ్యి. బాగా చెడిపోయిన కిటికీ ఒకటి తీసి నేల మీద పడుకోబెట్టి చూడు. పై చెక్క బాగానే ఉంటుంది, నిలువు చెక్కలు సగం దాకా గట్టిగానే ఉంటాయి. కింద అడ్డచెక్క, రెక్కల అడుగు పట్టీలు, కుసి (చెక్క కొసన చెక్కిన నాలుక) ఇంకో చెక్క బెజ్జంలో దిగిన మూలలు, అక్కడ మాత్రం వేలితో నొక్కితే పొడి రాలుతుంది. ఎండకి రంగు పోతుందంతే, చెక్కని చంపేది నిలిచిన నీళ్ళు. అందుకని నువ్వు చేసే ప్రతి కిటికీలో నీళ్ళు ఎటు పోతాయా అని ముందు ఆలోచించు.

అడుగు చెక్క పైభాగం సమంగా ఉంచకు, బయటికి కనీసం రెండు నూళ్ళు (పావంగుళం) వాలు ఉండేలా చిత్రిక పట్టు. ఆ చెక్క గోడ కంటే అంగుళం బయటికి రావాలి, దాని అడుగున, బయటి అంచుకి అరంగుళం లోపలికి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక గాడి తియ్యి. చాలామంది ఈ గాడి వదిలేస్తారు. వాన నీళ్ళు చెక్క అడుగున అంటుకుని వెనక్కి పాకి గోడలోకి దిగుతాయి, గాడి ఉంటే అక్కడే చుక్కై కింద పడిపోతాయి. రెక్కల అడుగు పట్టీకి కూడా ఇలాగే.

కలప సంగతి. టేకు కొంటే చేవ, అంటే మాను నడిమి ముదురు చెక్క మాత్రమే తీసుకో, పక్కన తెల్లచెక్క ఉన్న ముక్క ఎంత చవకగా ఇస్తానన్నా వద్దు, పుప్పి పట్టేది దానికే. పాత ఇళ్ళు పడగొట్టిన చోట దూలాలు దొరికితే ఇంకా మంచిది, ఏళ్ళ తరబడి ఆరి ఉంటాయి, కాకపోతే చిత్రిక పట్టే ముందు అయస్కాంతంతో మేకులు వెతుక్కో. మూడడుగులు, నాలుగడుగుల కిటికీకి చట్రం 4×3 అంగుళాలు, రెక్కలు అంగుళంన్నర మందం వేసుకుంటే, వృథాతో కలిపి ఒక్కోదానికి సుమారు 3 ఘనపుటడుగులు పడుతుంది.

కొలత పాత కిటికీది తీసుకోవద్దు, గోడది తీసుకో. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచి, వెడల్పుల్లో, ఎత్తుల్లో దేనికది అన్నిటికంటే తక్కువ వచ్చిన దాంట్లోంచి అరంగుళం తగ్గించు. పాత చట్రానికి గోడలో దిగిన చెవులుంటాయి, వాటిని రంపంతో కోసి ముక్కలుగా తియ్యి, గునపం పెట్టి పెకలించకు. పాతికేళ్ళ వయసులో నేను ఆ తొందర పని చేసి పై వరస ఇటుకలు మొత్తం ఊడేలా చేశాను, ఎవరికీ తగల్లేదు గానీ ఇప్పటికీ తలుచుకుంటే భయమే. ఒకటి తీసి, ఒకటి బిగించి, అప్పుడు రెండోది తియ్యి. చుట్టూ పూడ్చేటప్పుడు కూడా సిమెంటు కాదు, సున్నమే.

కుసి మందం చెక్క మందంలో మూడోవంతు ఉండాలి, బెజ్జం అవతలికి వచ్చేలా దించి వెదురు చీల కొట్టు. బిగించే ముందే కుసికీ, బెజ్జం లోపలా ప్రైమర్ పూయి, ఎందుకంటే తెగ్గోసిన కొసలే ఎక్కువ నీళ్ళు తాగుతాయి, బిగించాక నీ బ్రష్ అక్కడికి వెళ్ళదు. అద్దాల గాడికి కూడా ప్రైమర్ ఆరాకే లప్పం పెట్టాలి. ప్రైమర్ వెయ్యని చెక్కకి పెడితే అందులో నూనె చెక్క పీల్చేసి లప్పం పగిలిపోతుంది.

వానాకాలం తేమకి చెక్క పొడుగులో పెద్దగా పెరగదు, వెడల్పులో పెరుగుతుంది. నువ్వు చేసేది ఎండాకాలంలో కదా, రెక్కకీ చట్రానికీ మధ్య ఒక నూలు సందు వదులు. టైటుగా ఉందని ఇప్పుడు ముచ్చటపడితే శ్రావణంలో తలుపు తెరుచుకోదు.

గడియలు మాత్రం పైనా కిందా రెండూ పెట్టు, తెరిచినప్పుడు పట్టి ఉంచే కొక్కెం వేరే ఉండాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మన వీధిలో ఒకే గడియ ఉన్న రెక్కలు బందులతో సహా లేచిపోయాయి, నాన్నగారు రెండేసి పెట్టిన ఈ షెడ్డువి నిలబడ్డాయి.

ఆరూ ఒకేసారి కొయ్యకు. ముందు పడమటి మూలది ఒక్కటి చేసి బిగించు, జల్లు ఎక్కువ కొట్టేది అటే. తొలకరి రెండు వానలు పడ్డాక లోపలి గోడ చెయ్యి పెట్టి చూసి, తడి తగిలితే ఎక్కడ తగిలిందో ఫొటో తీసి పంపు, అప్పుడు మిగతా వాటి సంగతి మాట్లాడుకుందాం. నా పెద్ద ఉలి, మూలమట్టం అక్క వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను.

మీ మామయ్య