పండక్కి మీ చేతి వంట: పిన్ని జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట. క్రిస్మస్‌కో సంక్రాంతికో అయినవాళ్ళకి మా చేత్తో చేసినవే ఇవ్వాలని ఉంది, ఏం చెయ్యమంటారు అని. చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. గుంటూరు బ్రాడీపేటలో మా వంటింట్లో ముప్పయ్యేళ్ళుగా పండగ ముందు నేను చేస్తున్న పనే ఇది.

ప్రశ్న: పిన్నిగారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. పెళ్ళయ్యాక ఇదే మొదటి సంక్రాంతి. పుట్టింటివైపు, అత్తింటివైపు, ఆఫీసు స్నేహితులు కలిపి పన్నెండిళ్ళు తేలాయి. మావారు బీసెంట్ రోడ్డుకి వెళ్ళి ఏవైనా కొనేద్దామంటున్నారు. నాకు నేనే చేసి ఇవ్వాలని ఉంది. రెండు ఆదివారాలే చేతిలో ఉన్నాయి. వంట అంతంతమాత్రం.

జవాబు: రెండు ఆదివారాలు బోలెడు, అమ్మాయ్. నాలుగైదు రకాలు పెట్టుకోకు. ఒక కారం, ఒక తీపి. మొదటి ఆదివారం కందిపొడి, రెండో ఆదివారం సున్నుండలు. నిలవుండేది ముందు, తాజాగా ఉండాల్సింది తర్వాత.

కందిపొడికి అరకిలో కందిపప్పు, పావుకిలో శనగపప్పు, పావుకిలో పెసరపప్పు. దేనికది విడిగా, సన్నని సెగ మీద వేయించు. మూడూ కలిపి మూకుట్లో పోశావో, పెసరపప్పు మాడేసరికి శనగపప్పు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మా ఊరి సన్నం మిరపకాయలైతే యాభై చాలు. పసిపిల్లలున్న ఇళ్ళకి ముప్పయ్యే వేసి వేరే వాయి కొట్టుకో. రెండు చెంచాల జీలకర్ర, వేయించిన ఉప్పు. వెల్లుల్లి తినని ఇళ్ళుంటాయి, పైగా వెల్లుల్లి తడి పొడిని త్వరగా పాడుచేస్తుంది. ఇచ్చేదాంట్లో వెయ్యకపోవడమే మంచిది. తినేవాళ్ళు రెండు రెబ్బలు దంచి అప్పటికప్పుడు కలుపుకుంటారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నా పెళ్ళయిన రెండో ఏడు పొడి కొట్టి, వేడి తగ్గకముందే సీసాలకెత్తేశాను. పది రోజుల తర్వాత మా ఆడపడుచు ఇంటికెళితే మూత లోపల నీటిచుక్కలు, సీసా అంచున తెల్లగా బూజు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఆ మూత మాత్రం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంటుంది. అందుకని పప్పులు పూర్తిగా చల్లారాకే మిక్సీలో వెయ్యి. కొట్టిన పొడి పళ్ళెంలో పరిచి, అదీ చల్లారాకే సీసాకెత్తు. సీసాలు ముందురోజే వేడినీళ్ళతో కడిగి, మూతలతో సహా ఎండలో బోర్లించు. కాఫీపొడి సీసాలు, హార్లిక్స్ సీసాలు భేషుగ్గా పనికొస్తాయి.

సీసాలే ఎందుకంటానంటే, మనలో ఖాళీ గిన్నె తిరిగి పంపరు కదా. స్టీలు డబ్బాలో ఇచ్చామనుకో, దాన్లో ఏం పెట్టి పంపాలా అని పాపం ఆ ఇల్లాలు వారం రోజులు ఆలోచిస్తుంది. పాత సీసా అయితే ఆ బరువుండదు.

ఇక సున్నుండలు. కిలో మినప్పప్పు, ముప్పావుకిలో బెల్లం, సుమారు నాలుగు వందల గ్రాముల నెయ్యి, కాస్త యాలకుల పొడి. యాభై దాకా ఉండలొస్తాయి, ఇంటికి నాలుగు. నాలుగేనా అనుకోకు. మంచి నేతి సున్నుండ నాలుగు చాలు. పొట్టుపప్పు కొంత కలిపితే రుచి ఇంకా బావుంటుంది, ఉండ రంగు కాస్త నల్లబడుతుందంతే. పప్పు వేయించడంలోనే ఉంది పనంతా. సెగ పెంచితే పైన ఎర్రబడి లోపల పచ్చివాసన ఉండిపోతుంది. అరగంట పట్టినా సరే, గరిటె వదలకు. వాసన పక్కింటిదాకా వెళ్ళి, రెండు గింజలు కొరికితే కరకరలాడినప్పుడు దించు. మరకి తీసుకెళితే అంతకుముందు కారం పట్టారేమో అడుగు. పట్టి ఉంటే ముందు గుప్పెడు బియ్యం మరలో పోసి పట్టించి, ఆ పిండి తీసేశాక నీ పప్పు పోయించు. బెల్లం కోరి, పిండితో కలిపి ఇంకొక్కసారి మిక్సీలో తిప్పితే ఉండలు లేకుండా కలుస్తుంది. నెయ్యి గోరువెచ్చగా ఉండగానే కొంచెం కొంచెం పోస్తూ గట్టిగా పిడికిలి బిగించి చుట్టు. మూడు వారాలు నిక్షేపంగా ఉంటాయి.

సీసా మీద చిన్న కాగితం అంటించు: చేసిన తేదీ, ఏమేం వేశావో. పల్లీ పడని పిల్లలుంటారు, వెల్లుల్లి తినని పెద్దలుంటారు. చివర నీ పేరు రాయి.

ఇంకోటి. ఆ పన్నెండిళ్ళలో షుగరున్నవాళ్ళెవరో మీ అత్తగారిని అడుగు. బెల్లమే కదా ఫరవాలేదు అనే మాట చాలామంది అంటారు, అది తప్పు. బెల్లమూ రక్తంలో చక్కెర పెంచుతుంది. ఆ ఇంటికి సున్నుండల బదులు వేయించిన నువ్వుల కారప్పొడి ఇంకో సీసా ఇవ్వు. వాళ్ళని గుర్తుపెట్టుకుని విడిగా చేశావని తెలిస్తే ఎంత మురిసిపోతారో చూడు.

ప్రశ్న: మాది గుంటూరు కొత్తపేట. క్రిస్మస్‌కి వాడకట్టంతా అరిసెలు పంచుతాం. పోయినేడు నూనెలో వెయ్యగానే విడిపోయాయి. ఎందుకంటారు?

జవాబు: పాకం లేతగా దించేశారమ్మా. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే, వేళ్ళతో కూడదీసినప్పుడు మెత్తటి ఉండ కావాలి. నీళ్ళలో కరిగిపోతే ఇంకా రాలేదన్నమాట. పళ్ళేనికి కొడితే ఠంగుమందా, ముదిరింది, అరిసె రాయవుతుంది. బియ్యం ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వడకట్టాక చెమ్మ ఆరకముందే పిండి పట్టించాలి. ముందు ఒక్క అరిసె వేసి చూడండి. విడిపోతే చలిమిడిలో కాస్త బియ్యప్పిండి కలిపి మళ్ళీ వెయ్యండి. చెక్కలతో నూనె గట్టిగా ఒత్తి, పూర్తిగా ఆరాకే పంచండి.

ప్రశ్న: పిన్నీ, నేను విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. పొయ్యి లేదు, డబ్బులు అంతకన్నా లేవు. సంక్రాంతికి మా ఊరు వెళ్ళినప్పుడు అమ్మకీ, ఇద్దరు అక్కలకీ ఏదైనా ఇవ్వాలి.

జవాబు: నాయనా, మూడు నోటు పుస్తకాలు కొనుక్కో. మీ అమ్మమ్మో నానమ్మో ఉన్నారా? సెలవులకి రెండ్రోజులు ముందే వెళ్ళి ఆవిడ పక్కన కూర్చో. గోంగూర పచ్చడి ఎలా పెడతావు, ఉగాది పచ్చడిలో ఏమేస్తావు అని అడిగి, ఆవిడ మాటల్లోనే రాసుకో. ‘‘గుప్పెడు వెయ్యి’’ అంటుంది. అప్పుడు ఆ గుప్పెడు ఒక గిన్నెలో పోయించుకుని, చెంచాలతో కొలిచి పక్కన రాసుకో. ఆవిడ గుప్పెడూ మీ అక్క గుప్పెడూ ఒకటి కావు. మా అత్తగారి చింతకాయ పచ్చడి నేను అలా కొలిచి రాసుకోలేదు. ఆవిడ పోయాక ఎన్నిసార్లు పెట్టినా ఆ పులుపు రాలేదు.

పది వంటలు చాలు. మూడు పుస్తకాల్లోనూ నీ దస్తూరీతోనే ఎత్తి రాయి, ఫొటో కాపీలు వద్దు. మొదటి పేజీ మాత్రం ఖాళీగా ఉంచి ఆవిడ చేతికి పెన్నివ్వు. సంతకం ఒక్కటే వచ్చినా సరే, పెట్టించుకో.