పరాయి యుద్ధం మీద రాసేముందు

చిరంజీవి అమ్మాయికి,

అంతర్జాతీయ డెస్క్‌లో వేశారని తెలిసి సంతోషించాను. ఉక్రెయిన్ యుద్ధాన్ని ఆసియా, ఆఫ్రికా మీడియా ఎలా చూపించిందో రాయమన్నారని టెన్షన్ పడుతున్నావట. ఆ డెస్క్‌లోనే తల నెరిసినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

ముందు కాపీ, అంటే వార్త, ఎవరు రాసిందో చూడు. నైరోబీ పత్రికకైనా, మన పత్రికకైనా యుద్ధరంగంలో సొంత మనిషి ఉండటం అరుదు. రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ లాంటి పాశ్చాత్య వార్తాసంస్థలు పంపిందే వేసుకుంటారు. వార్త ఎవరు పంపారో చెప్పే క్రెడిట్ లైన్ చూడకుండా రాస్తే, లండన్‌లో తయారైన వాక్యాన్ని కెన్యా అభిప్రాయమని చెప్పినట్టవుతుంది. ఈ బాధ తప్పించుకోవాలనే 1975లో అమెరికా, సోవియట్ కూటముల్లో దేనిలోనూ చేరని అలీన దేశాలు తమ వార్తాసంస్థలతో, వార్తలు ఇచ్చిపుచ్చుకునే ఒక పూల్ పెట్టుకున్నాయి. అందులో సర్కారీ ప్రకటనలే ఎక్కువగా ఉండేవి. ఎవరు చదువుతారు చెప్పు అప్పట్లో!

సొంత రిపోర్టర్లు రాసిన వార్తలు ఏరుకో. అసలు సరుకు అక్కడే ఉంటుంది. 2022 ఫిబ్రవరి 24న దాడి మొదలైంది. ఆ వారంలోనే నైజీరియా పత్రికల్లో, ఉక్రెయిన్‌లో చదువుకుంటున్న తమ విద్యార్థుల గోడు వచ్చింది: రైలెక్కనివ్వడం లేదు, సరిహద్దు దాటనివ్వడం లేదు అని. 28న ఆఫ్రికన్ యూనియన్ కూడా ఆ వివక్షను తప్పుపట్టింది. మన చానళ్లకు ఉక్రెయిన్‌లోని సుమీ నగరంలో చిక్కుకున్న మన వైద్య విద్యార్థులే పెద్ద వార్త. ఈజిప్టుకు గోధుమలు ఎక్కువగా వచ్చేది రష్యా, ఉక్రెయిన్‌ల నుంచే. దాంతో అక్కడ యుద్ధమంటే రొట్టె ధర. ఇవన్నీ యుద్ధ వార్తలే. ఫ్రంట్‌లైన్ ఫొటో లేదని ‘పట్టించుకోలేదు’ అని రాసేయకు.

ప్రభుత్వం వేసిన ఓటును పత్రిక నెత్తిన రుద్దకు. మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో 141 దేశాలు రష్యా దాడిని ఖండించాయి, 35 ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. చైనా, దక్షిణాఫ్రికా, మనం ఆ 35లోనే. చైనా అధికారిక మీడియా ప్రభుత్వం మాటే పలికింది. దక్షిణాఫ్రికాలో ప్రైవేటు మీడియా అదే ఓటు మీద ప్రభుత్వాన్ని దులిపేసింది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మనవాళ్ల గోల కూడా దాచకు. స్టూడియోలో సైరన్లు మోగించి, లేనిపోని హెడ్డింగులు పెట్టారు. ఏప్రిల్ 23న కేంద్ర సమాచార, ప్రసార శాఖ ప్రైవేటు చానళ్లకు జాగ్రత్తగా ఉండమని అడ్వైజరీ ఇచ్చే దాకా వెళ్లింది.

అరబ్బీ పత్రికలను మెషీన్ అనువాదంలో చదివితే సమాచారం వరకే తీసుకో. వెటకారమో కాదో ఆ భాష వచ్చినవాళ్లనే అడుగు. డ్రాఫ్టు అయ్యాక నాకు పంపు, చూసిపెడతాను.

ఆశీస్సులతో,
మావయ్య