పిండిని విడగొట్టే ఎంజైములు కడుపులో అరుగుదలకు తప్ప బయట ఇంకెక్కడైనా పనికొస్తాయా?

ఈ ప్రశ్న చూసి నవ్వొచ్చింది. మీ ఒంటి మీద ఉన్నది మిల్లులో నేసిన నూలు చొక్కా అయితే, అది ఎమైలేజ్ (పిండిని విడగొట్టే ఎంజైము అదే) తొట్టిలో మునిగి లేచిందే అయ్యుంటుంది. 11 ఏళ్లు నేను చేసిన పని అదే, అహ్మదాబాద్‌లో నారోల్ వైపు ఒక ప్రాసెస్ హౌస్‌లో, అంటే నేసిన గుడ్డను శుభ్రం చేసి రంగు వేసే ఫ్యాక్టరీలో.

నేసేటప్పుడు పడుగు దారాలు తెగకుండా గంజి పట్టిస్తారు. చీరాలలో మా తాత రోజుల్లో తెల్లవారుజామునే వీధి పొడవునా పడుగు చాచి, గంజి చల్లి కుంచెతో దువ్వేవాళ్లు. మిల్లులో ఆ పని మెషిన్ చేస్తుంది. నేత అయ్యేదాకా ఆ గంజిని నెత్తిన పెట్టుకుంటారు. నేత అయ్యాక అదే శని, రంగును సరిగ్గా పట్టనివ్వదు. ఉత్త నీళ్లతో జాడిస్తే పోయేది కూడా కాదు. పొడవాటి పిండి గొలుసులను ఎమైలేజ్ ముక్కలు ముక్కలుగా కోస్తే, అప్పుడు నీళ్లలో కరిగి పోతుంది.

నేను చేరిన రెండో నెల, నైట్ షిఫ్ట్. జిగ్గర్ (గుడ్డను తొట్టిలోంచి అటూ ఇటూ లాగే మెషిన్) మీద 1,000 మీటర్ల గ్రే గుడ్డ, అంటే మగ్గం దిగిన పచ్చి గుడ్డ, ఉంది. మర్నాడు దానికి నేవీ బ్లూ వేయాలి. ఆపరేటర్ సిరిసిల్ల వైపు పెద్దాయన, అందరం కాకా అనేవాళ్లం. రోజూ వాడే ఎంజైము అయిపోయిందని స్టోర్ నుంచి వేరే డ్రమ్ము పంపారు. పాతది 90 డిగ్రీల వేడికి కూడా తట్టుకునే రకం. కొత్తది 65 దగ్గర పనిచేసే మామూలు రకం. ఆ మాట డ్రమ్ము మీద రాసే ఉంది, నేనే చదవలేదు. కాకా అలవాటు ప్రకారం ఆవిరి తిప్పి, నీళ్లు 90కి వచ్చాక ఎంజైము పోశాడు. ఎంజైము అంటే ప్రొటీనే కదా, కోడిగుడ్డు ఉడికినట్టు ఉడికిపోయింది. చల్లార్చినా ఇక లేవదు.

అప్పటికైనా దొరికిపోవాల్సిన తప్పే. గుడ్డ అంచు మీద ఒక చుక్క అయోడిన్ వేస్తే, గంజి మిగిలి ఉంటే నీలంగా, ఊదాగా తిరుగుతుంది. లేకపోతే పసుపు మరకగానే ఉండిపోతుంది. అర నిమిషం పని. డ్రాపర్ పగిలిందని ఆ రాత్రి వదిలేశాను. తర్వాత కాస్టిక్ సోడాలో ఉడకబెట్టినా గంజి మొత్తం వదల్లేదు.

మర్నాడు నేవీ బ్లూ మీద అరచేయంత లేత మచ్చలు, మీటరుకి రెండు మూడు. "రోజు గిట్లనే మరగవెడ్తున్నం గద సార్, ఇయ్యాల్నే ఏమైంది?" అన్నాడు కాకా. రంగు వేయని ముక్క ఒకటి వెతికి దాని మీద అయోడిన్ చుక్క వేశాను. సిరా ఒలికినట్టయింది. డైయింగ్ మాస్టర్ ఒక్క మాట అనలేదు. డ్రమ్ము మీది లేబుల్ చింపి నా జేబులో పెట్టి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. హైడ్రోస్ అనే రంగు పీకే రసాయనం వేసి రంగంతా లాగి, మళ్లీ మొదటినుంచి చేశాం. ఆ హైడ్రోస్ వాసన రెండు రోజులు అన్నంలో కూడా వచ్చింది.

ఇంత టెన్షన్ ఎందుకు, యాసిడ్ పోస్తే పోదా అంటారేమో. పోతుంది, జాగ్రత్త తప్పితే దాంతోపాటు గుడ్డ కూడా పోతుంది. గంజి, నూలు రెండూ గ్లూకోజ్ గొలుసులే. కొక్కేలు తగిలించిన తీరే వేరు. యాసిడ్‌కి ఆ తేడా తెలియదు, ఎమైలేజ్‌కి తెలుసు.

నూలును తినే ఎంజైమూ ఉంది, సెల్యులేజ్. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు చివికిపోతుంటే, ఆ పని చేస్తున్న బూజును పట్టుకున్నారు. దాని మీద పనిచేసిన ఎల్విన్ రీస్ పేరే తర్వాత దానికి పెట్టారు, ట్రైకోడెర్మా రీసియై అని. ఈరోజు జీన్స్‌ను పాతబడినట్టు చేయడానికి ఎక్కువగా వాడేది సెల్యులేజ్‌లే. అంతకుముందు ఎక్కువగా ప్యూమిస్ అనే గరుకు రాళ్లు వేసి డ్రమ్ముల్లో దొర్లించేవాళ్లు. సెల్యులేజ్‌ను సమయానికి ఆపకపోతే ప్యాంటు బలం తగ్గిపోతుంది. కొత్త ప్యాంటును పాతది చేసి, ఎంజైమ్ వాష్ అని చీటీ తగిలించి వెయ్యి ఎక్కువ లాగడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గిన్నెలు తోమడానికని వాట్సాప్‌లో తిరిగే నిమ్మతొక్కల బయో ఎంజైమ్ గురించి అడగొద్దు. ఆ తొక్కలు వేసిన బెల్లం నీళ్లు మూడు నెలలు పులిస్తే వచ్చేది ముఖ్యంగా పులుపే. అడుగంటిన గిన్నె దానితో తోమి చూడండి, తెలుస్తుంది. బిర్యానీ తిన్న ప్రతిసారీ డయాస్టేజ్ (ఇదీ పిండిని విడగొట్టే ఎంజైమే) సిరప్ తాగేవాళ్లకూ ఒక మాట. మీ నోట్లో ఎమైలేజ్ ఉంది, క్లోమంలో అంతకన్నా ఉంది. డాక్టరు రాయకుండా ఆ సీసా ఎందుకో నాకర్థం కాదు.

మా ఇంట్లో ఇప్పటికీ అమ్మ నూలు చీరలకు గంజి పెడుతుంది. 11 ఏళ్లు గంజి తీసిన కొడుకు ఆ చీరలు ఆరేస్తాడు. కొత్త లుంగీ కొంటే మాత్రం మూల మీద ఒక చుక్క బెటడైన్ వేసి చూస్తాను, అందులోనూ అయోడినే, గంజి ఉంటే దానికీ రంగు మారుతుంది. ఒకసారి మా ఆవిడ మంగళగిరి చీర మీద కూడా వేశాను. ఆ సీసా ఎక్కడ దాచిందో ఇంకా దొరకలేదు.