కోడలా, హెల్మెట్ కొనే ముందు ఇది చదువు

కోడలా,

స్కూటీ బుక్ చేశావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషం. ఏ హెల్మెట్ కొనాలి అత్తా అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నావు గానీ దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ ఆ ఫ్లైఓవర్ల మీద, ఆ బస్సుల మధ్య వెళ్లి రావాలి నువ్వు. అందుకే వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

టోపీలా నెత్తి మీద కూర్చునే సగం హెల్మెట్ మాత్రం వద్దు. షోరూంలో బండితో పాటు అలాంటిది చేతిలో పెడితే తీసుకో, కానీ రోజూ వాడేది మాత్రం గడ్డంతో సహా ముఖమంతా కప్పే ఫుల్ ఫేసే కొనుక్కో. బండి మీంచి పడ్డప్పుడు దెబ్బ నడినెత్తికే తగలాలని రూలేం లేదు కదా. గడ్డం, దవడ, పళ్లు కూడా ముఖంలో భాగమే, వాటికి అడ్డు ఉండేది ఫుల్ ఫేస్‌లో గడ్డం ముందున్న ఆ గట్టి భాగం ఒక్కటే. ముందు భాగం పైకి లేచే రకం కూడా ఉంది, కళ్లజోడు వాళ్లకి సుఖంగానే ఉంటుంది, కానీ బరువెక్కువ, పైగా దాన్ని కిందకి దించి లాక్ చేయకుండా నడిపితే ఉండీ లాభం లేదు. నీకు మామూలు ఫుల్ ఫేస్ చాలు.

డబ్బు గురించి టెన్షన్ పడకు. స్టడ్స్, వేగా, స్టీల్‌బర్డ్ లాంటి మన దేశపు కంపెనీల్లో పదిహేను వందల నుంచి రెండున్నర వేల లోపు మంచివే దొరుకుతాయి. నాలుగైదు వేలు పెడితే ఎస్ఎంకే, ఆక్సర్, ఎల్ఎస్2 లాంటివి వస్తాయి, వాటిలో లోపలి గుడ్డ మెత్తగా ఉంటుంది, గాలి మోత కాస్త తగ్గుతుంది, అద్దం బాగుంటుంది. ఉంటే పెట్టు, కాదనను. కానీ ఆరు వేలు పోసి వదులుగా ఉన్నది కొనడం కంటే రెండు వేలల్లో తలకి సరిగ్గా పట్టినది కొనడం నయం, ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. వదులుగా ఉన్నది పడ్డప్పుడు తల మీద ఉండదు, నొప్పి పెట్టేదేమో నాలుగు రోజులు పెట్టుకున్నాక తల మీంచి హ్యాండిల్‌కి వెళ్లిపోతుంది.

అందుకే మొదటిసారి ఆన్‌లైన్లో కొనకు, షాపుకి వెళ్లు. వెళ్లే ముందు ఇంట్లో కుట్టు టేపు తీసుకుని కనుబొమ్మలకి అంగుళం పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టూ కొలుచుకో. హెల్మెట్ వెనక స్టిక్కర్ మీద 560, 580, 600 అని మిల్లీమీటర్లలో ఉంటుంది, నీ కొలతతో దాన్నే పోల్చి చూడాలి. ఎం, ఎల్ అనే అక్షరాలు నమ్మకు, ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎం ఒకటే సైజు కావు.

పెట్టుకోగానే చెంపలు రెండూ లోపలికి నొక్కుకోవాలి, మాట్లాడబోతే చెంప లోపలి భాగం పళ్లకి తగిలేంత. మొదట్లో అది ఇబ్బందిగానే ఉంటుంది, షాపువాడు కూడా ఒక సైజు పెద్దది ఇస్తానంటాడు. ఒప్పుకోకు. చెంపల దగ్గర స్పాంజి నెలా రెండు నెలల్లో సర్దుకుంటుంది. కానీ నుదురు, కణతల దగ్గర ఒకే చోట గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం అది సర్దుకోదు, ఎందుకంటే అక్కడ స్పాంజి వెనక ఉన్నది గట్టి థర్మకోల్. అసలు దెబ్బని పీల్చుకునేది ఆ థర్మకోలే. అలా గుచ్చితే ఆ మోడల్ నీ తల ఆకారానికి పనికిరాదని అర్థం, కొందరి తల గుండ్రంగా, కొందరిది కోలగా ఉంటుంది, సైజు పెంచకుండా వేరే మోడల్ అడుగు. తర్వాత పట్టీ బిగించి, పట్టీకి గడ్డానికి మధ్య రెండు వేళ్లు పట్టేలా చూసుకుని, హెల్మెట్‌ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకి తిప్పు. నుదుటి చర్మం దాంతో పాటే కదలాలి. జారితే పెద్దదైనట్టే. ఆఖరికి వెనక అంచు పట్టుకుని ముందుకి, పైకి లాగి చూడు, తల మీంచి ఊడి వచ్చేస్తే అది ఎంత బాగున్నా పక్కన పెట్టెయ్. ఇదంతా అయ్యాక పదిహేను ఇరవై నిమిషాలు అలాగే పెట్టుకుని కూర్చో.

ఇదంతా చేసేటప్పుడు జడ మెడ దగ్గర కిందకి వేసుకుని ఉండు. ముడి గానీ, ఆ పెద్ద క్లచర్ క్లిప్పు గానీ ఉంటే హెల్మెట్ వెనక లేచిపోయి నీకు కొలతే తెలియదు. బుట్ట కమ్మలు ఆఫీసుకెళ్లి పెట్టుకో. మీ వైపు అమ్మాయిలు ముఖానికి చున్నీ రెండు మూడు చుట్లు చుట్టి దాని మీద హెల్మెట్ పెడుతున్నారే, అది వద్దు, పల్చటి కాటన్ టోపీ లాంటిది వందా రెండు వందలకి దొరుకుతుంది, అదే లోపల పెట్టుకో, చెమట పీల్చుకుంటుంది, రోజూ ఉతుక్కోవచ్చు. షాపుకి కూడా అది పెట్టుకునే వెళ్లు. కళ్లజోడు ఉంటే హెల్మెట్ పెట్టాక దూర్చుకుని చూడు, కాడలు కణతల్ని నొక్కకూడదు.

ఎండ సంగతి. ఏప్రిల్ మే నెలల్లో సిగ్నల్ దగ్గర తల ఉడికిపోతుంది, అందుకే గాలి రంధ్రాలు చూడు. ఊరికే బయట కన్నం ఉంటే సరిపోదు. లోపలి గుడ్డ ఊడదీసి (ఊడి రావాలి, ఉతకాలి కూడా) పై కన్నం ఎదురుగా థర్మకోల్‌లో కూడా దారి ఉందో లేదో చూడు. చవక రకాల్లో కొన్నింటికి పైన ప్లాస్టిక్ మూత అందంగా ఉంటుంది, లోపల థర్మకోల్ మూసుకుపోయి ఉంటుంది, గాలి ఎక్కడికి వెళ్తుంది?

ఐఎస్ఐ మార్కు లేనిదాన్ని ముట్టుకోకు. 2021 జూన్ నుంచి అలాంటివి తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం, అయినా రోడ్డు పక్కన మూడు నాలుగు వందలకి వేలాడుతూనే ఉన్నాయి, దొంగ ఐఎస్ఐ స్టిక్కర్ అంటించడం వాళ్లకి పెద్ద పని కాదు. మార్కు పైన ఐఎస్ 4151 అని హెల్మెట్ల ప్రమాణం నంబరు, కింద సీఎం/ఎల్ అని ఒక లైసెన్సు నంబరు ఉంటాయి. ఫోన్లో ఆ మార్కు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే కంపెనీ పేరు వచ్చేస్తుంది, షాపులోనే నిలబడి చూసుకో.

హెల్మెట్‌కి ముందుండే అద్దం రంగు లేని తెల్లదే తీసుకో, నల్లది రాత్రి పూట పనికిరాదు. గీతలు పడితే ఎదుటి లైట్లు చెదిరిపోయి రోడ్డు కనపడదు, వెంటనే మార్చెయ్, అద్దం ఒక్కటే విడిగా దొరుకుతుంది. తుడవడానికి తడి మెత్తటి గుడ్డ, కాస్త సబ్బునీళ్లు చాలు, పెట్రోలూ థిన్నరూ పెట్టి తుడిస్తే ప్లాస్టిక్ దెబ్బతింటుంది. హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించకు, లోపల థర్మకోల్ నొక్కుకుపోతుంది. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలితే పైకి బాగానే కనపడ్డా మార్చెయ్, తగలకపోయినా ఐదేళ్లకి మార్చు. చాలా స్కూటీల సీటు కింద ఫుల్ ఫేస్ పట్టదు, కాబట్టి ఆఫీసులోకి వెంట తీసుకెళ్లడం అలవాటు చేసుకో.

ఇంకోటి, నీ రూమ్మేట్ వెనక ఎక్కుతానంటే ఆమెకీ హెల్మెట్ ఉండాలి, చట్టం ఇద్దరికీ ఒకటే, లేకపోతే జరిమానాతో పాటు నీ లైసెన్సు మూడు నెలలు ఆపేయొచ్చు కూడా. ఆమె తలకి కొలిచి ఆమెనే కొనుక్కోమను, నీది ఇవ్వకు.

ఆదివారం సాయంత్రం కాకుండా మామూలు రోజు పొద్దున వెళ్లు, జనం లేనప్పుడైతే అరగంట కూర్చున్నా షాపువాడు విసుక్కోడు. రెండు మూడు నచ్చి తేల్చుకోలేకపోతే అక్కడి నుంచే వీడియో కాల్ చెయ్, వెనక స్టిక్కర్ కూడా చూపించు.

మీ అత్త