అర్జీలో పేరు తీసేశాను, చాలా సార్?

ప్రశ్న: సార్, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. సోమవారం వచ్చిందంటే కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్లేవాళ్లు ముందు మా దగ్గర ఆగి అర్జీ రాయించుకుంటారు, ఎక్కువగా భూమి గొడవలే. వాళ్లు చెప్పింది చెప్పినట్టు టైప్ చేసి చాట్‌జీపీటీలో పెడితే చక్కటి అర్జీ వచ్చేస్తోంది. మొన్న ఒకాయన "నా ఆధార్ కూడా అందులో పెట్టేసినావేటి?" అని అడిగాడు. అప్పట్నుంచి టెన్షన్. ఇప్పుడు పేరు, ఆధార్ తీసేసి పెడుతున్నాను. చాలా?
– పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: చాలదండీ. ఆధార్ తీసేయడం తేలికే, అర్జీ భాష సరిచేయడానికి ఆ 12 అంకెలతో చాట్‌జీపీటీకేం పని? ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు, రీసర్వేలో ఇచ్చిన ఎల్‌పీఎం (భూమి ముక్క మ్యాపు) నంబరు, ఇవన్నీ ప్రింటు తీసే ముందు మీ కంప్యూటర్లోనే చేర్చుకోవచ్చు.

చిక్కంతా కథలో ఉంది. "రాజాం పక్కన ఫలానా వలస, 62 ఏళ్ల వితంతువు, పెద్దకొడుకు ఆర్మీలో, చెరువు గట్టు కింద 40 సెంట్లు" అని ఉంటే ఇంక పేరెందుకు, ఆ ఊరి కిళ్లీ కొట్టాయన చెప్పేస్తాడు ఎవరో. అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లోనే లెక్క తేల్చింది, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, ఈ మూడూ కలిస్తే అక్కడి జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని. అందుకని ఊరిని "ఒక గ్రామం" చేయండి, 62ని "అరవై దాటిన" చేయండి, ఆర్మీ కొడుకు గొడవకి సంబంధం లేకపోతే పూర్తిగా వదిలేయండి. కానీ పాస్‌బుక్‌లో 40 సెంట్లు, రీసర్వే తర్వాత 34 సెంట్లు అన్నదే ఫిర్యాదైతే ఆ అంకెలు కదపొద్దు, అవి పోతే అర్జీయే పోయింది.

తీసిన చోట ఖాళీ వదలకండి, ఎవరు ఎవరి గట్టు జరిపారో దానికి అర్థంకాక తనే ఏదో కల్పించి రాసేస్తుంది. "అర్జీదారు", "పక్క రైతు", "గ్రామం-1" అని పెట్టి, ఏది ఎవరో మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. జవాబు వచ్చాక అసలు పేర్లు తిరిగి పెట్టేయడమే.

ఫైండ్-రీప్లేస్‌ని నమ్ముకునేవాళ్లకి ఒక మాట. "అప్పలనాయుడు" అని వెతికితే "అప్పలనాయుడికి", "అప్పలనాయుడి గట్టు" దొరకవు. "అప్పలనాయు" వరకే కొట్టి వెతకండి. పాత "అను" ఫాంట్ ఫైళ్లయితే యూనికోడ్‌లోకి మార్చాకే వెతకాలి, లేకపోతే పేరు కళ్లెదుటే ఉన్నా దొరకదు. ఆఖర్న ఒకసారి కంటితో చదవాల్సిందే, దీనికి షార్ట్‌కట్ లేదు.

చాట్‌జీపీటీ సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌కి వెళ్లి, మీ చాట్లతో మోడల్‌కి శిక్షణ ఇచ్చే ఆప్షన్ ఆపేయండి. ఆపినంత మాత్రాన రాసింది వాళ్ల సర్వర్‌కి వెళ్లకుండా ఉండదు. గూగుల్ జెమినీ అయితే కొన్ని చాట్లను మనుషులు కూడా చూస్తారని, రహస్యాలు రాయొద్దని ఆ కంపెనీయే చెప్తోంది. నన్నడిగితే అంతకంటే దగ్గరి ప్రమాదం మీ షాపులోనే ఉంది. అందరూ వాడే కంప్యూటర్లో ఒకే లాగిన్, పక్కన పాత చాట్ల వరస, పక్క రైతు కూడా అర్జీ రాయించుకోవడానికి మీ దగ్గరికే వస్తాడు కదా! రోజూ షాపు మూసేముందు అవి తుడిచేయండి. ఇంకోటి, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సొంత, ఇంటి అవసరాలకి మినహాయింపు ఉంది. డబ్బు తీసుకుని నడిపే షాపుకి అది దొరుకుతుందని అనుకోవద్దు.

ప్రశ్న: మాది ఉద్దానం. నాన్నగారి క్రియాటినిన్ రిపోర్టు ఫోటో ఏఐకి పెట్టి అర్థం అడుగుతున్నాను. పేరు మీద ఫోన్‌లోనే నల్ల పెన్నుతో గీస్తున్నాను. పర్లేదా అండీ?
– ఒక పాఠకురాలు, కవిటి మండలం

జవాబు: ఫోన్ ఎడిటర్లో మార్కర్ ఒక్కోసారి పూర్తి నలుపు కాదమ్మా, బ్రైట్‌నెస్ పెంచితే కింది అక్షరాలు తేలిపోతాయి. పీడీఎఫ్‌లో నల్ల డబ్బా పెట్టడం ఇంకా మోసం. 2019 జనవరిలో అమెరికాలో ఒకప్పుడు ట్రంప్ ఎన్నికల ప్రచారం నడిపిన పాల్ మానఫోర్ట్ లాయర్లు అలాగే నల్లగా మూసి కోర్టులో వేసిన కాగితంలోంచి విలేఖరులు కింది మాటలు కాపీ చేసి చదివేశారు. మీరు పైభాగం క్రాప్ చేసేయండి, క్యూఆర్ కోడ్, బార్‌కోడ్ కూడా పోవాలి. లేదా ఆ నాలుగు విలువలు టైప్ చేస్తే సరి. పై ప్రశ్నలో వయసు మార్చమన్నాను గానీ మీరు మాత్రం అసలు వయసే రాయండి, మగవారని కూడా రాయండి. క్రియాటినిన్ నుంచి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయన్నది, లెక్కకట్టాలంటే ఆ రెండూ కావాలి. ఊరి పేరు మాత్రం అక్కర్లేదు.