కిరాయి బేరం ఆఫీసు బల్ల దగ్గర మొదలు కాదు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అబ్బాయి ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, కొన్నేళ్లు వేరేవాళ్ల లారీ నడిపాడు. నిరుడు వాయిదాల మీద ఒక పాత పది టైర్ల లారీ కొన్నాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసువాళ్లు ఎంత చెబితే అంతకే వెళ్తున్నాడు, నెలాఖరుకు వాయిదా కట్టడమే గగనమైపోతోంది. బేరమాడరా అంటే "నేను కాదంటే నా వెనక పది బండ్లు ఉన్నాయమ్మా" అంటాడు. బండి అమ్మేసి మళ్లీ జీతానికి వెళ్లమనాలా? వాడికి బేరం నేర్పే దారి ఉందా?

జవాబు: అమ్మా, వెనక పది బండ్లు ఉన్నాయన్న మాట నిజమే. ఎంత మాటకారి అయినా ఆ పది బండ్లను అక్కడి నుంచి తరిమేయలేడు. కాబట్టి మాటల సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ అబ్బాయిని ఒక ప్రశ్న అడగండి: బండి ఇంటి ముందు ఊరికే నిలబడితే రోజుకు ఎంత ఖర్చవుతుంది? ఈ ప్రశ్నకు అంకె చెప్పలేని యజమానులే ఎక్కువ. కిరాయి తక్కువని అందరూ అంటారు గానీ, ఎంతకంటే తక్కువో చెప్పలేరు.

ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం, మీ అసలు అంకెలు మీరు వేసుకోండి. వాయిదా 45 వేలు, ఇన్సూరెన్సు నెలకు 5 వేలు, పన్ను, పర్మిట్, ఫిట్‌నెస్ కలిపి 3 వేలు, క్లీనరు జీతం 12 వేలు. మీ అబ్బాయి జీతం 20 వేలు కూడా ఇందులో రాయాలి. సొంత బండే కదా అని తన జీతం రాసుకోనివాడు ఉచితంగా డ్రైవరు పని చేస్తున్నట్టే. మొత్తం 85 వేలు, అంటే రోజుకు దాదాపు 2,800. బండి కదిలితే ఇక కిలోమీటరు ఖర్చు: లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే డీజిలు 24 రూపాయలు, టైర్లు, ఆయిలు, రిపేర్లకు 5, టోలుకు 4. లోడుతో 33 రూపాయలు, ఖాళీగా 28 అనుకుందాం.

ఇప్పుడు ఆఫీసులో రెండు లోడ్లు ఉన్నాయి, రెండూ 600 కిలోమీటర్ల దూరమే. మొదటిదానికి 38 వేలు ఇస్తామన్నారు గానీ ఆ ఊరి నుంచి తిరుగు లోడు దొరకదు. రెండోదానికి 34 వేలే, అయితే అక్కడి నుంచి 22 వేలకు సరుకు దొరుకుతుంది. మీ అబ్బాయి ఏది పట్టుకుంటాడు? చాలామంది మొదటిదే పట్టుకుంటారు. నాలుగు రోజుల్లో ఖాళీగా తిరిగొస్తే దానికి అయ్యే ఖర్చు 47,800, అంటే 9,800 నష్టం. రెండోది తిరుగు లోడు కోసం ఒక రోజు ఆగి ఐదు రోజుల్లో ఇల్లు చేరితే ఖర్చు 53,600, రాబడి 56,000. మిగిలేది 2,400.

ఆ 2,400 చూసి పెదవి విరవకండి, అందులోనే అసలు సంగతి ఉంది. సరుకు దింపుకునేవాడు గోడౌన్ ఖాళీ లేదని ఇంకొక్క రోజు ఆపితే 2,800 పోతుంది, మిగిలిన డబ్బు కాస్తా మాయం. అందుకే కిరాయిలో వెయ్యి పెంచమని పోరాడేకంటే, ఒక రోజు దాటితే రోజుకు ఇంత హాల్టింగు (బండి ఆపినందుకు ఇచ్చే డబ్బు) ఇవ్వాలని ముందే ఒప్పించుకోవడం ఎక్కువ లాభం. ఆఫీసువాడు కూడా దీనికి సులువుగా ఒప్పుకుంటాడు, అతని జేబులోంచి అప్పటికప్పుడు ఏమీ పోదు కదా. ఫోనులో విని ఊరుకోవద్దు. లోడు రసీదు మీద రాయించుకోవాలి, కనీసం వాట్సాప్‌లో సందేశం తీసుకోవాలి. అడ్వాన్సు ఎంత, బాకీ ఎన్ని రోజుల్లో, హమాలీ ఎవరిది అన్నవి కూడా అందులోనే ఉండాలి. కిరాయి చెల్లించేవాళ్లు టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తున్నారేమో చూడండి. పది లారీల వరకు ఉన్న యజమాని పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే కొయ్యనక్కర్లేదు.

ఇక తిరుగు లోడు. ఈ విషయంలో గోదావరి జిల్లాలవాళ్లది మంచి అదృష్టం. రావులపాలెం నుంచి అరటి గెలలు, అంబాజీపేట నుంచి కొబ్బరి, మండపేట మిల్లుల నుంచి బియ్యం బయటికి వెళ్తాయి. మహారాష్ట్ర ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్టుకు వస్తుంది. చేపల చెరువులకు నూనె తీసిన తవుడు బయటి రాష్ట్రాల నుంచి కూడా వస్తుంది. గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ దేశమంతా తిరుగుతాయి. అంటే మీ అబ్బాయి అడగవలసింది "అక్కడికి ఎంత ఇస్తారు" అని ఒక్కటే కాదు, "అక్కడి నుంచి ఏం తెస్తాను" అని కూడా. బయలుదేరేముందే ఆ ఊళ్లో ఇద్దరు బ్రోకర్లకు ఫోను చేసి పెట్టుకోవాలి, హిందీ వస్తే ఇంకా మేలు. ఒకే దారిలో పదేపదే తిరిగేవాడికి రెండు చివరలా మనుషులు ఏర్పడతారు. ఎక్కడికంటే అక్కడికి పోయేవాడు ప్రతి ఊళ్లోనూ కొత్తవాడే.

ఆ పది బండ్లు ఏడాది పొడుగునా అక్కడే ఉండవు. నవంబరు, డిసెంబరుల్లో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు, ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా (రబీ వరి) కోతలు వస్తే మిల్లులకు లారీలు చాలవు. వినాయక చవితి నుంచి దసరా దాకా కొబ్బరికి గిరాకీ. సంక్రాంతికి డ్రైవర్లందరూ ఇళ్లకు చేరతారు, ఆ వారం రోడ్డు మీద ఉండేవాడు అడిగిన కిరాయి వస్తుంది. (తల్లిగా మీకు ఆ మాట నచ్చదని తెలుసు.) గిరాకీ రోజుల్లో కూడా ఏడాదంతా లోడిచ్చే వ్యాపారిని పిండకూడదు. అప్పుడు కాస్త తగ్గించి, బదులుగా ఖాళీ నెలల్లో మొదటి ఫోను తనకే రావాలని మాట తీసుకోవాలి. అరటి, చేప లాంటి సరుకు వ్యాపారికి అన్నిటికంటే భయం ఆలస్యం. చెప్పిన వేళకు చేర్చే బండికి అతను నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తాడు.

బ్రోకర్లతో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. కమీషను తింటాడని తిట్టుకుంటాం గానీ, డబ్బు వసూలు చేసే బాధ్యత కూడా చాలాసార్లు అతనే మోస్తాడు. ఒక్క ఆఫీసునే నమ్ముకోకుండా మూడింటితో మాట కలిపి ఉండాలి. ఆ మూడు చోట్లా "ఎంత ఇస్తారు?" అని ముందుగా అడగకుండా ఇలా చెప్పి చూడమనండి: "ఇన్ని టన్నులు, ఈ ఊరు, ఇన్ని రోజులు. నాకు ఇంత గిట్టుబాటు. అంతకు తగ్గితే బండి కదలదు, ఆ పైన మీ ఇష్టం." ఇలా అనాలంటే ఆ అంకె తెలిసుండాలి, అన్నట్టే ఒకటి రెండు లోడ్లు వదులుకునే ఓపిక కూడా ఉండాలి. చేతిలో ఒక వాయిదాకు సరిపడా డబ్బు దాచినవాడే వదలగలడు. నా దృష్టిలో బేరానికి అసలు పెట్టుబడి అదే.

ఒక ఎర గురించి మాత్రం గట్టిగా చెప్పండి: "మూడు టన్నులు ఎక్కువ వెయ్యి, కిరాయి కూడా ఎక్కువ ఇస్తాం" అంటారు. పది టైర్ల లారీకి బండి, సరుకు కలిపిన బరువును 2018లో కేంద్రం 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. అయినా పాత బండి కాబట్టి ఆర్సీలో (బండి రిజిస్ట్రేషన్ పత్రంలో) ఉన్న అంకెనే నమ్మండి. అది దాటితే జరిమానా 20 వేలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు, అధిక సరుకు దింపే ఖర్చు వేరే. మూడు టన్నులకు 26 వేలు.

యానాంలో డీజిలు చవకని దారి మళ్లే అలవాటుంటే దాన్ని కూడా లెక్క వెయ్యమనండి. 30 కిలోమీటర్లు అదనంగా తిరిగితే 720 రూపాయల డీజిలు అక్కడే కాలిపోతుంది. అటువైపు పని ఉంటేనే అది లాభం.

బండి ఇప్పుడే అమ్మకండి. మూడు నెలలు ప్రతి ట్రిప్పుకు రాబడి, ఖర్చు, ఆగిన రోజులు పుస్తకంలో రాయించండి. ఆ పని మీరే చేస్తే ఇంకా మంచిది, వాడు రోడ్డు మీద నుంచి ఫోనులో చెబుతాడు. తన జీతం పోను మూడు నెలలకూ కలిపి ఎంతో కొంత మిగిలితే కొనసాగనివ్వండి. జీతం కూడా మిగలకపోతే, వచ్చే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు కట్టకముందే బండి అమ్మించి జీతానికి పంపండి. అవి కట్టాక అమ్మితే ఆ డబ్బంతా ధరలో తిరిగి రాదు.